రెడ్డెమ్మ తోటలో రంధ్రాల లెక్క

మా పాలెంకొండ మండలంలో కలుపు నవంబరు ఆరో తేదీ ఉదయం పదకొండు గంటలకు అంతరించింది. సమయం ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అంతరించినట్టు తెలిపే కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించింది నేనే. మైదా జిగురు పలచనై ఒక మూల ఊడి వేలాడుతుంటే, అది పట్టుకునేదాకా అరచేత్తో నొక్కిపెట్టి నిలబడ్డాను కూడా.

నా పేరు గుర్రప్ప. ఆచ్ఛాదన సేద్య ప్రాధికార సంస్థలో క్షేత్ర సహాయకుణ్ణి. ఆచ్ఛాదన అనగానే కంగారు పడనక్కర్లేదు. టమాటా, మిరప, వంగ వేసేముందు ఎత్తుగా పోసిన మట్టి బోదెల మీద పరుస్తారే, ఆ ప్లాస్టిక్ షీటును రైతులు మల్చింగు పేపరు అంటారు, మా సంస్థ ఆచ్ఛాదన అంటుంది. పేపరు కింద వెలుతురు ఉండదు కాబట్టి గడ్డి మొలవదు, మట్టిలో తేమ తొందరగా ఆరదు. మంచి వస్తువే. అబద్ధమెందుకు, చాలా మంచి వస్తువు. దానికి మూరెడు దూరానికొక రంధ్రం చేసి, రంధ్రానికొక నారుమొక్క నాటుతారు. మా సంస్థకు వచ్చిన చిక్కంతా ఆ రంధ్రంతోనే వచ్చింది.

గోడ మీది ఉత్తర్వులో ఇలా ఉంది: "ఆచ్ఛాదన పరచబడిన క్షేత్రములందు కాంతి నిరోధింపబడుటచే కలుపు మొలకెత్తుటకు శాస్త్రీయముగా అవకాశము లేదు. కావున పాలెంకొండను సంపూర్ణ కలుపు రహిత మండలముగా ఇందుమూలముగా ప్రకటించడమైనది. నేటి నుండి ఆచ్ఛాదిత క్షేత్రములందు కలుపు తీయుట నిషేధము. లేని కలుపును తీయువారు, కలుపు ఉన్నదను అపోహను వ్యాపింపజేయువారుగా పరిగణింపబడి, వారి క్షేత్రము నుండి ఆచ్ఛాదన చుట్టి వాపసు తీసుకొనబడును."

కింద సంతకం మా ప్రాంతీయ సంచాలకులు కోదండపాణి గారిది. ఆయన ఇంతకుముందు ప్రభుత్వ భవనాలకు సున్నం వేయించే విభాగంలో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. పైన ఒక పొర వేస్తే కింద ఏమున్నా లేనట్టే అని అక్కడ ఆయనకు గట్టిగా నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే వ్యవసాయంలోకి వచ్చారు.

ఉత్తర్వు వెలువడిన సంగతి కలుపుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నెల తిరక్కుండానే రెడ్డెమ్మ తోటలో మొలిచింది.

రెడ్డెమ్మకు యాభై దాటాయి. భర్త పోయినప్పటి నుంచి ఆ ఎకరం పొలాన్ని ఒక్కతే చేసుకుంటోంది. పోయిన రెండు పంటలూ దక్కలేదు. ఒకటి వానకు కుళ్ళింది, ఇంకొకటి ఆకుముడతకు పోయింది. బోరు చూస్తే మార్చి దాటాక గాలి తప్ప ఏమీ పోయదు. కాబట్టి ఈ ఏడాదికి ఆమెకున్నది ఈ టమాటా ఒక్కటే. "ఇది గూడా పాయెనంటే ఇంగ సేద్యం నా వల్ల గాదు నాయనా. బూమి గుత్తకిచ్చి ఇంగొకరి కయ్యిలో కూలికి వంగేదే" అని డ్రిప్పు పైపుకు మూత బిగిస్తూ మామూలుగా చెప్పింది. మామూలుగా చెప్పడం వల్లనే నాకు బాధేసింది.

నేను వెళ్ళేసరికి ఎనిమిది మంది ఆడవాళ్ళు గట్టు మీద కొంగులు దోపుకుని నిలబడి ఉన్నారు. ఆ జట్టుకు పెద్ద అంజనమ్మ. ఏ తోటలో కలుపు తీయాలన్నా ఆమెకు కబురు వెళ్ళాల్సిందే.

"దిగొద్దు!" అని దూరం నుంచే అరిచాను.

"ఏంది సామీ, పామేమన్నా ఉండాదా?" అంది అంజనమ్మ.

"పాము కాదు. ఉత్తర్వు."

"అది కరస్తాదా?"

కరుస్తుందనే చెప్పాను. నిషేధం గురించి, పేపరు చుట్టి తీసుకుపోవడం గురించి వివరించాను. రెడ్డెమ్మకు అర్థం కాలేదు. "పేపరు తీసకపోతే తీసకపోతారు. మరి రంధ్రాల్లో చెట్లుండాయి గదా, అవెట్ల వస్తాయి పేపరు ఎత్తితే?" అని అడిగింది. పేపరుతో పాటే వస్తాయని చెప్పాను.

ఆమె వంగి ఒక రంధ్రం చూపించింది. జానెడు టమాటా మొక్క చుట్టూ పాయలాకు అల్లుకుంది. పక్క రంధ్రంలో గరిక. ఆ పక్కన టమాటా మొక్క ఎక్కడుందో నాకైతే కనిపించలేదు. "పది దినాలు ఇట్లే ఇడిస్తే నా చెట్లు ఊపిరాడక చస్తాయి. ఇది కలుపు గాకపోతే ఏంది, నువ్వే చెప్పు."

"ఉత్తర్వు ప్రకారం అది లేదు."

"లేనిదాన్ని పెరికితే మీకేం నష్టం?"

ప్రశ్న బాగానే ఉంది. కానీ క్షేత్ర సహాయకుడి స్థాయిలో జవాబిచ్చే ప్రశ్న కాదు. దరఖాస్తు పెట్టుకోమని సలహా ఇచ్చాను.

దరఖాస్తు నేనే రాశాను. మర్నాడు రెడ్డెమ్మను వెంటబెట్టుకుని కార్యాలయానికి తీసుకెళ్ళాను. కోదండపాణి గారు కళ్ళజోడు సవరించుకుని మొదటి వాక్యం చదివి, కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి జరిపారు.

"ఇందులో కలుపు అని రాశావు."

"అవును సార్."

"మండలంలో లేని వస్తువు గురించి దరఖాస్తు ఎలా స్వీకరిస్తాం? రేపు ఇంకొకడు వచ్చి తన పొలంలో ఏనుగులు మొలిచాయంటాడు. తీసుకుంటావా?"

తీసుకోనని ఒప్పుకున్నాను. వరండాలోకి వచ్చి దరఖాస్తు తిరగరాశాను. కలుపు అన్నచోట "సాగు చేయబడకయే స్వచ్ఛందముగా ఆవిర్భవించిన హరిత సముదాయము" అని పెట్టాను. ఈసారి ఆయన మొహం వికసించింది.

"ఇది భాష! ఇప్పుడు చెప్పండమ్మా. ఈ హరిత సముదాయం ఎక్కడ ఆవిర్భవించింది? ఆచ్ఛాదన మీదనా, కిందనా?"

"పేపరు మింద గాదు సారూ, కింద గాదు. రంధ్రంలో" అంది రెడ్డెమ్మ.

కోదండపాణి గారు కుర్చీలోంచి లేచారు. కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. "గుర్రప్పా, గమనించావా? రంధ్రం! రంధ్రం అంటే ఆచ్ఛాదన లేని చోటు. ఆచ్ఛాదన లేని చోటు మన పరిధిలోకి రాదు. అంటే మన సిద్ధాంతానికి ఏ భంగమూ కలగలేదు. దోషం రంధ్రానిది!"

"రంధ్రం మీరే గదా సారూ ఎయ్యమనింది?"

"నారు నాటుకోవడానికి వేయమన్నాం. ఇతరుల ప్రవేశానికి కాదు."

రెడ్డెమ్మ ఇంకొక మాట చెప్పకుండా ఉండలేకపోయింది. "తుంగ అట్ల గాదు సారూ. దానికి రంధ్రమే అక్కర్లా. సూది మాదిర పేపరునే పొడిచి పైకొస్తాది."

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "స్వయంగా రంధ్రం చేసుకుని వచ్చినట్లయితే అది అనధికార రంధ్రం. దాన్ని విడిగా చూద్దాం" అని కలం తీసుకున్నారు.

"మరి నేను పెరుక్కోవచ్చునా సారూ?"

"నిపుణులు వస్తారమ్మా" అన్నారు ఆయన ఎంతో దయగా.

నిపుణులు నాలుగు రోజుల్లోనే వచ్చారు. మా సంస్థలో ఇంత వేగం నేనెప్పుడూ చూడలేదు. రంధ్ర అధ్యయన సంఘంలో ముగ్గురు సభ్యులు. ఒకరు మురుగు కాలువల విభాగంలో పదవీ విరమణ చేసిన ఇంజనీరు. ఆయనకు రంధ్రాల గురించి అపారమైన అనుభవం ఉందట. రెండోవారు గణాంక నిపుణులు. మూడోవారు ఫొటోలు తీసేవారు. మొక్కల గురించి తెలిసినవారు ఒక్కరూ లేరేమని అడిగితే, తెలిసినవాళ్ళకు ముందే అభిప్రాయాలు ఉంటాయని, అధ్యయనం నిష్పాక్షికంగా సాగదని చెప్పారు.

ఇంజనీరు గారు ప్యాంటు మడుచుకుని రెడ్డెమ్మ తోటలో దిగారు. ఒక రంధ్రం ముందు కూర్చుని టార్చి వేసి చూశారు. వేలు పెట్టి చూశారు. చివరికి లేచి, "రంధ్రం తెరిచి ఉంది" అని ప్రకటించారు. గణాంక నిపుణులు రాసుకున్నారు. ఫొటో తీశారు.

"తెరిచి ఉండటం వల్లే లోపలివి బయటికి వస్తున్నాయి. కాలువలో కూడా ఇంతే. మూత లేకపోతే అన్నీ పైకి తేలతాయి" అన్నారాయన.

రెడ్డెమ్మ నా వైపు చూసింది. నేను మబ్బుల వైపు చూశాను.

సంఘం నివేదిక ఇరవై నాలుగు పేజీలు. అందులో రెండు ముఖ్యాంశాలున్నాయి. ఒకటి, నిర్వచనం. కలుపు అనే మాట రద్దయింది కాబట్టి దాని స్థానంలో రంధ్రోద్భవం అనే మాట ప్రవేశపెట్టారు. "ఆచ్ఛాదన యొక్క రంధ్రము గుండా పైకి వచ్చు ఏ మొక్కయైనను రంధ్రోద్భవము అనబడును. రంధ్రోద్భవము అవాంఛనీయము." రెండు, శాశ్వత పరిష్కారం. రంధ్రాల వల్లే సమస్య కాబట్టి రంధ్రాలే లేని ఆచ్ఛాదన.

ఈ రెండోది కోదండపాణి గారి మనసుకు బాగా పట్టింది. కార్యాలయం వెనక పది సెంట్ల స్థలంలో ప్రదర్శన క్షేత్రం వేయించారు. బోదెలు పోశారు, డ్రిప్పు వేశారు, టమాటా నారు నాటారు, మీద రంధ్రాలు లేని పేపరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరిచి అంచులకు మట్టి తొక్కించారు. నారు కిందే ఉంది. ఎండలో ఆ పేపరు తళతళ మెరుస్తుంటే చూడటానికి నిజంగానే బాగుంది. ఒక్క గడ్డి పరక లేదు. పక్క మండలాల నుంచి అధికారులు జీపుల్లో వచ్చి చూసి వెళ్ళారు.

"మొక్కలెక్కడ?" అని ఒకాయన అడిగాడు.

"కింద భద్రంగా ఉన్నాయి" అన్నారు కోదండపాణి గారు. ఆయన నమ్మకంగానే అన్నారు. రోజూ ఉదయం ఆ పేపరు పక్కన నిలబడి, కింద నారు ఏమైందోనని ఏమాత్రం అనుమానం లేకుండా, టీ తాగేవారు.

ఇక రెడ్డెమ్మ తోట సంగతి. పాత క్షేత్రాల్లో రంధ్రాలు ఎన్ని ఉన్నాయో తేలితే తప్ప చర్యలు తీసుకోలేమన్నారు. అందుకని మండలమంతటా రంధ్ర గణన జరపాలని ఉత్తర్వు వచ్చింది. ప్రతి రంధ్రానికీ వరుస సంఖ్య వేయాలి, వ్యాసం కొలవాలి, ఏం కనిపించిందో రాయాలి. గణకులను స్థానికంగా తీసుకోవచ్చు, కూలి సంస్థే ఇస్తుంది.

నేను అంజనమ్మ జట్టును పెట్టాను. ఎనిమిది మందీ బడిపిల్లల అడుగుబద్దలు పట్టుకుని రెడ్డెమ్మ తోట గట్టు మీదికి వచ్చారు. అప్పటికి గరిక రంధ్రాల్లోంచి పేపరు మీదికి కూడా పాకింది. టమాటా ఆకులు పసుపు తిరుగుతున్నాయి. రెడ్డెమ్మ మొహం కూడా ఇంచుమించు అలాగే ఉంది.

అంజనమ్మ మొదటి రంధ్రం ముందు కూర్చుని, అడుగుబద్ద అటూ ఇటూ తిప్పి, నన్ను పిలిచింది. "సామీ, దీని అంచు యాడుండాది?"

"గడ్డి కింద."

"అంచు అవపడకపోతే కొలిచేదెట్ల?"

నేను సూచనల పత్రం తీసి చదివాను. తొమ్మిదో అంశం: "గణకులు రంధ్రపు అంచు స్పష్టముగా కనిపించునట్లు చూసుకొనవలెను." ఎనిమిది మందికీ వినిపించేలా మళ్ళీ చదివాను. మూడోసారి చదవబోతుంటే రెడ్డెమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుని, "చాల్లే నాయనా, వాళ్ళకు అర్థమయింది" అంది.

మూడు రోజులు పట్టింది. వాళ్ళు వంగిన నడుము ఎత్తలేదు. కొలతకు అడ్డం వచ్చిన వస్తువులన్నీ గట్టు మీద కుప్పలు పడ్డాయి. అంజనమ్మ గేదె ఆ వస్తువులను వారం రోజులు తిన్నది. మొత్తం ఆరువేల రెండువందల పద్నాలుగు రంధ్రాలు. ఆఖరి రంధ్రం కొలిచాక తోట చూస్తే నాకే గుండె తేలికైంది. ప్రతి రంధ్రంలోనూ ఒకే ఒక్క టమాటా మొక్క, దాని చుట్టూ తడి మట్టి. వారంలో ఆకులు పచ్చబడ్డాయి. కట్టెలు నాటి తాళ్ళు కట్టారు. పూత వచ్చింది, పిందె పట్టింది. రెడ్డెమ్మ నాకు జొన్న రొట్టె, నంజుకోవడానికి రోట్లో నూరిన టమాటా ఊరిబిండి పెట్టింది. టమాటాలు సంతలో కొన్నవి.

తప్పు నేను ఇక్కడే చేశాను. ఒప్పుకోవాలి. గణన పత్రంలో ఆఖరి గడి "రంధ్రమందు కనిపించినది" అని ఉంటుంది. దానికి రెండే జవాబులు అనుమతించారు: ఖాళీ, లేదా రంధ్రోద్భవం. ఖాళీ అని రాయలేను, టమాటా మొక్క కళ్ళెదురుగా ఉంది. అందుకని ఆరువేల రెండువందల పద్నాలుగు సార్లు రంధ్రోద్భవం అని రాసి, అడుగున సంతకం పెట్టి పంపించాను. రాసీ రాసీ చేయి నొప్పి పుట్టింది కానీ, నేనేం రాస్తున్నానో బుర్రకెక్కలేదు.

పిందెలు కాయలై, కింది గుత్తుల్లో రెండు మూడు దోర తిరుగుతున్న రోజుల్లో కోదండపాణి గారి నుంచి పిలుపు వచ్చింది. ఆయన ముందు నా గణన పత్రాల కట్ట ఉంది. పక్కన గణాంక నిపుణులు గీసిన పటం, మొన్న తోటల్లో తీయించిన ఫొటోలు ఉన్నాయి.

"గుర్రప్పా, మండలంలో ఎక్కడా ఇంత దారుణం లేదు. అందరి పొలాల్లోనూ నూటికి ఇరవై ముప్పై రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. ఈమె దాంట్లో నూటికి నూరు! ఒక్క రంధ్రం ఖాళీ లేదు. పైగా అన్నీ ఒకే జాతి. ఒకే ఎత్తు. ఫొటోలు చూడు, కట్టె ఊతమిచ్చి తాళ్ళు కట్టి మరీ పెంచుతోంది!"

"సార్, అవి టమాటాలు."

"రంధ్రం గుండా పైకి వచ్చాయా, లేదా?"

"వచ్చాయి సార్."

"నిర్వచనంలో టమాటాకు మినహాయింపు ఉందా?"

"లేదు సార్. పెడితే బాగుంటుందేమో."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఇవాళ టమాటాకు పెడతాం. రేపు మిరపవాళ్ళు వస్తారు. ఎల్లుండి వంగవాళ్ళు. అందరికీ మినహాయింపులు ఇచ్చుకుంటూ పోతే చివరికి రంధ్రాల్లో పంటలు తప్ప ఇంకేమీ మిగలవు. అప్పుడు మనం దేన్ని నిర్మూలించాలి?"

పది రోజుల్లో సమూల నిర్మూలన అని ఆదేశం. ఈ సంగతి రెడ్డెమ్మకు చెప్పే బాధ్యత కూడా క్షేత్ర సహాయకుడిదే.

తోటకు వెళ్ళేసరికి ఆమె దోరకాయ ఒకటి అరచేతిలో పెట్టుకుని అంజనమ్మకు చూపిస్తోంది. నేను చెప్పాను. అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పాను. ఆమె గట్టు మీద కూలబడింది.

"నేనేం తప్పు జేసినా నాయనా? కలుపు పెరకద్దంటిరి, పెరకలా. దరకాస్తు పెట్టమంటిరి, పెడితి. రంధ్రాలు లెక్క పెట్టాలంటిరి, పెట్టించినా. ఇంగేం జెయ్యల్ల?"

ఆమె ఏ తప్పూ చేయలేదు. గడి నింపింది నేను. అంజనమ్మ నన్ను తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను కానీ, ఒక్కటి కూడా అన్యాయం కాదు. పన్నెండేళ్ళుగా ఈ సంస్థలో ఎవరేం చెప్పినా అలాగే సార్ అన్నాను, ఏ కాగితం ఇచ్చినా అంటించాను. ఆ గట్టు మీద నిలబడి ఉండగా మొదటిసారి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే కోదండపాణి గారి దగ్గరికి వెళ్ళి, నిర్మూలనకు కార్యాచరణ ప్రణాళిక నేను రాసి తెస్తానని అడిగాను. తీరిక లేని మనిషి, సంతోషించారు. రాత్రికి రాసి ఇచ్చాను. ఆయన పైకి చదివారు.

"'రంధ్రోద్భవము తన ఫలములందలి విత్తనముల ద్వారా వ్యాపించును. కాండమును ముందుగా పెరికినచో పక్వ ఫలములు రాలి, విత్తనములు క్షేత్రమంతటా చెల్లాచెదురై ముప్పు వేయి రెట్లగును. కావున నిర్మూలన దశలవారీగా జరుపవలెను. ప్రతి దశయందును ఎర్రబడిన ఫలములను మాత్రమే చేతితో జాగ్రత్తగా తొలగించి, నలగకుండా పెట్టెలలో భద్రపరచి తరలించవలెను.' నలగకుండా ఎందుకు?"

"నలిగితే విత్తనం బయటపడుతుంది సార్."

"నిజమే. 'ఫలములు పూర్తిగా నిలిచిపోయిన పిదప మాత్రమే కాండములను పెరుకవలెను.' అప్పటిదాకా నీళ్ళు ఆపేద్దామా?"

"ఆపితే చచ్చిపోతానని భయపడి ఎక్కువ విత్తనం వేస్తుంది సార్. శాస్త్రీయంగా."

శాస్త్రీయంగా అనే మాట వినగానే ఆయన తల ఊపారు. పేజీ తిప్పారు. "'తొలగించిన ఫలములను సమీప టోకు విపణికి తరలించి, అచటి నుండి వివిధ పట్టణములకు వికేంద్రీకరించి, ముక్కలుగా కోసి, మరిగే నూనెలో ఉప్పు, కారము కలిపి నాశనము చేయవలెను.' ఈ నాశనం చేసే సిబ్బంది మనకెక్కడున్నారు గుర్రప్పా?"

"ప్రజలే సార్. స్వచ్ఛందంగా చేస్తారు. ఇంటింటా."

"ప్రజా భాగస్వామ్యం!" అని కోదండపాణి గారు కుర్చీ చేతి మీద గట్టిగా చరిచారు. ఆ ఉత్సాహంలోనే సంతకం పెట్టేశారు.

నిర్మూలన ఫిబ్రవరి మూడో తేదీన మొదలైంది. అంజనమ్మ జట్టే వచ్చింది. సంస్థ ఇచ్చిన పసుపుపచ్చ కోట్ల మీద "రంధ్రోద్భవ నిర్మూలన దళం" అని రాసి ఉంది. మొదటి దశలో ముప్పై ఆరు పెట్టెలు, రెండో దశలో యాభై ఎనిమిది, నాలుగో దశకు నూట పది దాటాయి. మినీ లారీలు వచ్చి గట్టు పక్కన నిలబడేవి. ఆ నెల టమాటా ధర కూడా బాగుంది. అంటే ప్రజలు ఎంతో పట్టుదలగా నాశనం చేస్తున్నారన్నమాట. మార్చి ఆఖరుకు పదమూడు దశలు పూర్తయ్యాయి. బోరు గాలి పోయడం మొదలుపెట్టిన వారంలోనే కాపు కూడా నిలిచిపోయింది. అప్పుడు, ఉత్తర్వు ప్రకారం, ఎండిన చెట్లు పెరికేశారు. రెడ్డెమ్మ భూమి గుత్తకివ్వలేదు.

మధ్యలో ఒకసారి కోదండపాణి గారు తనిఖీకి వచ్చారు. ఎర్రటి పండొకటి చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చూడటానికి ఎంత అమాయకంగా ఉంది!" అన్నారు. నమూనా పరీక్ష కోసం రెండు పెట్టెలు జీపులో పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళారు. పరీక్ష ఫలితాలు ఇప్పటిదాకా రాలేదు.

ఆర్థిక సంవత్సరం ముగిశాక రాష్ట్ర స్థాయి సమావేశం జరిగింది. రంధ్రాలు లేని ప్రదర్శన క్షేత్రానికి ఉత్తమ పరిశుభ్రత పతకం వచ్చింది. దాని పేపరు ఇప్పటికీ ఎత్తలేదు. రంధ్రోద్భవ నిర్మూలనలో పాలెంకొండ మండలం రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది, అదీ ఒక్క ఎకరం నుంచే. వేదిక మీద రెడ్డెమ్మకు శాలువా కప్పి, ఆమె విజయ రహస్యం చెప్పమన్నారు.

"వంగి తీసినాం సారూ. ఎనిమిది మంది" అంది మైకులో. చప్పట్లు మోగాయి.

మే నెలలో కొత్త ఉత్తర్వు వచ్చింది. నిర్మూలన లక్ష్యాన్ని రాబోయే ఏడాదికి రెట్టింపు చేశారు. అన్ని తోటల్లోనూ పాలెంకొండ పద్ధతే అమలు చేయాలి. నిర్మూలించడానికి తగినన్ని రంధ్రోద్భవాలు దొరికేలా రైతులు ముందుగానే ఏర్పాట్లు చేసుకోవాలి: ప్రతి రంధ్రంలోనూ ఒక్కొక్క మేలైన మొక్కను స్వయంగా నాటి, నీరు, ఎరువు ఇచ్చి, ఊతం కట్టి, చుట్టూ వేరే మొక్కలు ఏవీ పోటీ రాకుండా ఎప్పటికప్పుడు తొలగిస్తూ, ఫలములు ఎర్రబడే వరకు కాపాడాలి. ఆపైన దళాన్ని పిలిపించాలి.

మైదా జిగురు డబ్బా పక్కన పెట్టి, ఆ కాగితాన్ని రెడ్డెమ్మ తోటకే తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆమె కొత్త పేపరు కోసం బోదెలు సరిచేయిస్తోంది. చివరిదాకా విన్నది.

"అంటే ఇప్పుడు నాటమంటాండారా, పెరకమంటాండారా?"

"నాటి, పెంచి, ఎర్రగా పండినాక కోసి సంతకు పంపమంటున్నారు."

రెడ్డెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అవ్వ గూడా అదే జేస్తా వుణ్ణింది నాయనా" అని, చెరువు మట్టి వేసుకుని వస్తున్న ట్రాక్టరుకు దారి చూపించడానికి వెళ్ళిపోయింది.